పికప్ కొంటానన్న కొడుక్కి

బిడ్డా,

నువ్వు పంపిన బండి ఫోటోలు చూశాను. వేళ్లతో పెద్దవి చేసి మరీ చూశాను. ఫోన్‌లో మాట్లాడదామంటే నీకు మీటింగులు, నాకు బీపీ. అందుకే కూర్చుని రాస్తున్నా. ఇంట్లో ఉన్న మూడు వరుసల ఎస్‌యూవీని ఇచ్చేసి ఫోర్డ్ ఎఫ్-250 అనే డీజిల్ పికప్ తెచ్చుకుంటానంటున్నావు. వద్దని చెప్పడానికి రాయడం లేదు. సగం బతుకు లారీల మీదే గడిచినవాణ్ణి, పెద్ద బండంటే నాకు మాత్రం చేదా?

అమ్మ అయితే ఫోటో చూడగానే, "గిదేంది, గ్రానైట్ మోస్తడా వీడు?" అన్నది. నాకూ మొదట అదే అనుమానం. డల్లాస్‌లో ల్యాప్‌టాప్ సంచి తప్ప ఇంకో బరువు ఎత్తనివాడికి హెవీ డ్యూటీ బండి ఎందుకనుకున్నా. హన్మకొండలో పక్కింటాయన ఫార్చ్యూనర్ కొంటే మనవాళ్లకు నిద్ర పట్టనట్టు, అక్కడ ఎవరో కొన్నారని నువ్వూ కొంటున్నావేమో అనుకున్నా. తర్వాత క్యాంపర్ ట్రైలర్ సంగతి చెప్పావు చూడు, అప్పుడు కాగితం, పెన్ను తీసి లెక్క వేశాను. ఇంటిని బండికి కట్టుకుని పోవడం మన ఇంట్లో కొత్తేమీ కాదులే. మీ తాత సవారి కచ్చురం, అదే పైకప్పున్న ఎడ్లబండి, కట్టించి అందరినీ మేడారం తీసుకుపోయేవాడు. బియ్యం, గిన్నెలు, పక్కబట్టలు అన్నీ అందులోనే.

నువ్వు అనుకున్న ట్రైలర్ సామానుతో కలిపి ఏడు వేల పౌన్లు అన్నావు. మన లెక్కలో మూడు టన్నుల పైచిలుకు. అంత బరువును ఇంజన్ లాగుతుందా లేదా అని అందరూ అడుగుతారు, లాగుతుంది. అడగాల్సింది వెనక ఇరుసు మోయగలదా అని. అలాంటి ట్రైలర్ తన బరువులో నూటికి పది నుంచి పదిహేను వంతులు హుక్కు మీద మోపుతుంది. అంటే 700 నుంచి 1,050 పౌన్లు బండి వీపు మీదే. దానికి మీ నలుగురినీ, సామాన్లనూ, ఆ హుక్కు సామగ్రినీ కలిపితే 1,600 దాటుతుంది. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన పసుపు, తెలుపు స్టిక్కర్ ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించొద్దని అందులో రాసి ఉంటుంది. మామూలు పికప్‌లలో చాలావాటికి ఆ అంకె ఇంచుమించు ఇక్కడిక్కడే ఆగిపోతుంది. కాబట్టి ట్రైలర్ నిజంగా కొనేదే అయితే హెవీ డ్యూటీ అడగడం తప్పు కాదు. ఈ విషయంలో నీ పక్కనే ఉన్నా, అమ్మకూ అదే చెప్పాను.

అయితే ఆ ట్రైలర్ ఏడాదికి ఎన్నిసార్లు రోడ్డెక్కుతుంది? మిగతా రోజులన్నీ నువ్వు తిరిగేది ఖాళీ బండిలో. ఖాళీ బండి అంటే ఏంటో మన పికప్‌లో చూశావు కదా. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు వేసుకుని పోతుంటే, హమాలీలు ఆఖరి బస్తా వేసేసరికి వెనక బరువు మోసే ఇనుప కమాన్ పట్టీలు కిందికి కూర్చుంటాయి. అప్పుడు బండికి ఒక నిలకడ వస్తుంది, గుంతల్లోనూ మెత్తగా పోతుంది. అదే బండి బస్తాలు దింపి తిరిగొస్తుంటే ప్రతి స్పీడ్ బ్రేకర్‌కూ వెనక భాగం ఎగురుతుంది. వాన పడితే బ్రేక్ మీద కాలు పెట్టాలన్నా భయమే. ఎఫ్-250కీ వెనక కమాన్లే. రోడ్లు మంచివే కావచ్చు, కానీ వెనక సీట్లో చిన్నోడు నిద్రపోవాలి కదా. అలాంటిదే ఇంకో పికప్ రామ్ 2500లో కమాన్లకు బదులు వెనక చుట్టల్లాంటి కాయిల్ స్ప్రింగులు ఇస్తారు. కొనే ముందు అదీ ఒకసారి ఖాళీగా నడిపి చూడు, నడిపేటప్పుడు కోడలిని వెనక కూర్చోబెట్టు.

డీజిల్ మాత్రం నాకు నచ్చలేదు. నేనేనా ఈ మాట అంటున్నది అనుకుంటావేమో, అవును, నేనే. పొగ మీద బీఎస్ 6 నిబంధనలు వచ్చినప్పటి నుంచి డీజిల్ బండి తీరే మారింది. పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, ఆ మసి కాలిపోవాలంటే బండి వేడెక్కేలా దూరం పోవాలి. ఊళ్లో అటూ ఇటూ తిరిగితే ఫిల్టర్ నిండి లైట్ వెలుగుతుంది. నాకు వెలిగితే ములుగు రోడ్డు మీద చాలా దూరం అదే పనిగా నడిపితే గానీ ఆరలేదు. మీ దగ్గరా అదే యంత్రం, అదే ఫిల్టర్, దానికి తోడు పొగను శుభ్రం చేసే యూరియా ద్రవానికి ఒక ట్యాంకు. ఆఫీసు ఇరవై నిమిషాలే అన్నావు. పైగా ఆ ఇంజన్‌కు దగ్గర దగ్గర పది వేల డాలర్లు ఎక్కువ. ఇంకో మాట, డీజిల్ ఇంజనే బరువు. బండీ, మనుషులూ, సామానూ కలిపి మొత్తం బరువు హద్దు పది వేల పౌన్లే అయినప్పుడు ఇంజన్ ఎంత తింటే నీకు మిగిలేది అంత తగ్గుతుంది. షోరూంలో పెట్రోల్ బండి తలుపు తెరిచి ఆ స్టిక్కర్ కూడా ఫోటో తీసి పంపు. కొండలెక్కి దిగేది ఎక్కువుంటే డీజిల్ అనేవాణ్ణి, డల్లాస్ చుట్టుపక్కల ఏం కొండలు?

మైలేజీ ఎంత అంటే డీలర్ చెప్పలేదని విసుక్కున్నావు. అతన్ని ఏమనకు. ఆ మొత్తం బరువు హద్దు 8,500 పౌన్లు దాటిన పికప్‌లకు అక్కడ అద్దానికి మైలేజీ కాగితం అంటించరు. అదే బండి నడిపేవాళ్లను అడుగు.

ఇక డబ్బు సంగతి. పాత బండి డీలర్‌కే ఇస్తే దాని విలువ తీసేసి మిగిలిన దాని మీదే టెక్సాస్‌లో 6.25 శాతం పన్ను వేస్తారని చెప్పావు, బాగుంది. కానీ పాత లోన్ ఇంకా ఉందన్నావు. కట్టాల్సింది బండి విలువ కంటే ఎక్కువైతే ఆ మిగులు కొత్త లోన్‌లో కలిపేసి, నెలకు ఇంతే కదా అని 84 నెలలకు సాగదీస్తారు. లారీ ఫైనాన్స్‌లో ఇదే పద్ధతిలో మునిగినవాళ్లు ఆటోనగర్‌లో నాకు చాలామంది తెలుసు. పాత లోన్ తలనొప్పిని కొత్త బండిలోకి ఎక్కించుకోవద్దు. అలా అయితే ఒక ఏడాది ఆగు, ట్రైలర్ అద్దెకు తీసుకో, లాగే బండి కూడా అద్దెకు దొరుకుతుంది.

కోడలు నాతో ఏమీ అనలేదు, అమ్మతో అన్నది. ఆ ఎస్‌యూవీ పొద్దునా సాయంత్రం నడిపేది తనే. స్కూలు దగ్గర లైన్లో, కూరగాయల షాపు పార్కింగ్‌లో ఇరవై అడుగుల పైన ఉండే బండిని తిప్పాల్సింది నువ్వు కాదు. ఒక రోజు ఆ బండి తనకిచ్చి, పిల్లలను సీట్లలో కట్టి దింపి రమ్మను. తను సరే అంటే నాకు అభ్యంతరం లేదు. గ్యారేజీ లోతు కూడా టేపు పెట్టి కొలువు, కంటి అంచనా వద్దు. అమ్మ మోకాళ్లు నీకు తెలుసు, వచ్చే ఏడాది మేం వస్తే అంత ఎత్తు ఎక్కాలంటే మెట్టు ఉండాలి.

ఆదివారం ఫోన్ చేసినప్పుడు పాత లోన్ ఇంకా ఎంత ఉందో, డీలర్ బండికి ఎంత ఇస్తానన్నాడో, ఆ రెండు అంకెలు ముందు చెప్పు. రంగు సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

మీ బాపు