పెరట్లో తెర మారింది: మూడు వారాలు గేటు ఎందుకు మూశానంటే

మన పెరట్లో ఉన్నది గోల్ఫ్ సిమ్యులేటర్: ప్రొజెక్టర్ తెర మీద గోల్ఫ్ కోర్సు బొమ్మ వేస్తుంది, మనం నిజం బంతిని ఆ తెరకే కొడతాం. అక్కడ జూలై 12 శనివారం రాత్రి ఏం జరిగిందో మీలో సగం మందికి తెలుసు. మిగతా సగం మందికి తప్పుగా తెలుసు. "వానకి షెడ్డు కూలిందట కదా" అని ఒకరు, "ప్రొజెక్టర్ పేలిందట" అని ఇంకొకరు ఫోన్ చేశారు. రెండూ కాదు. మన కల్నల్ గారు రెండో బేలో, అంటే నిలబడి కొట్టే రెండో చోట, సెవెన్ ఐరన్ అనే గోల్ఫ్ స్టిక్‌తో కొట్టిన బంతి, తెరకు తగిలి జారి కింద పడాల్సింది, నేరుగా వెనక్కి వచ్చి ఆయన మోకాలి కింద ఎముక మీద తగిలింది. ఎక్స్‌రే తీయించాం, విరగలేదు. వాపు మాత్రం పది రోజులు ఉంది. అదే ఒక రెండడుగులు పైకి లేచి ఉంటేనో అనుకుంటూ ఆ వారమంతా నేను సరిగ్గా నిద్రపోలేదు. మర్నాడు పొద్దున్నే గేటుకు తాళం వేశాను.

కొత్తగా చేరినవాళ్ళ కోసం ఒక మాట. ఈ సైనిక్‌పురి ఇంటి పెరడు మా మామయ్య గారిది. మిలిటరీలో పనిచేసి రిటైరయ్యారు, నాకు గోల్ఫ్ నేర్పిందీ ఆయనే. ఇక్కణ్ణుంచి గోల్కొండ నయా ఖిల్లాలోని కోర్సుకి వెళ్ళి రావడానికే సగం రోజు పోతుందని, పెరట్లో ఇనప స్తంభాలు పాతి, పైన రేకు వేసి, రెండు బేలు కట్టుకున్నాం. తెర వైపు తప్ప మిగతా వైపులన్నీ ఖాళీగా వదిలేశాం. గాలి తగలాలి. ఆ జామచెట్టు కనబడాలి. నాలుగు గోడలు కట్టి ఏసీ పెట్టుకునే మాటైతే దానికి పెరడెందుకు, ఏ షాపింగ్ కాంప్లెక్స్‌లోనో గది దొరుకుతుంది.

ఆరుబయట పెట్టినందుకు కష్టాలూ ఉన్నాయి, మీరూ చూశారు. తొలకరి పడ్డ రాత్రి ఉసిళ్ళన్నీ ప్రొజెక్టర్ వెలుగులోకి వచ్చి పడితే, తెర మీది పెబుల్ బీచ్ (అమెరికాలో సముద్రం ఒడ్డున ఉన్న గోల్ఫ్ కోర్సు) మీద మిడతల దండు దిగినట్టు అయింది. ఫ్యాన్ తిరుగుతుంటే, బంతి వేగం కొలిచే రాడార్ సెన్సర్ బంతిని వదిలేసి ఫ్యాన్ రెక్కల్ని లెక్కపెట్టేది. అవన్నీ నవ్వుకుని సర్దుకున్నాం. తెర సంగతి మాత్రం నవ్వుకునేది కాదు.

గోల్ఫ్ బంతి 46 గ్రాములు కూడా ఉండదు. మీలో గట్టిగా కొట్టేవాళ్ళు డ్రైవర్‌తో (అన్నిటికన్నా దూరం కొట్టే స్టిక్) కొడితే గంటకు 200 కిలోమీటర్లు దాటి పోతుంది. ఆ వేగాన్నంతా మింగాల్సింది తెరే. దండెం మీద వేలాడే దుప్పటికి బంతి విసిరితే అక్కడే కింద పడుతుంది, మద్దెల మీద విసిరితే తిరిగొస్తుంది. తెర కూడా అంతే. అందుకే చుట్టూ సాగే రబ్బరు తాళ్ళతో, కొంచెం వదులుగా కట్టాలి. వెనక కనీసం ఒక అడుగు ఖాళీ ఉండాలి, గుడ్డ మందంగా ఉండాలి.

ఇందులో నా తప్పు ముందు చెప్పేస్తాను. జూన్ వానలకు తడిసీ ఆరీ తెర వదులైంది, ముడతలు పడ్డాయి. ఒకరిద్దరు "ఫెయిర్‌వే మధ్యలో గుంటలు పడ్డాయేంటండీ" అని, బొమ్మలోని నున్నటి పచ్చిక దారిని చూపించి సరదాగానే అన్నారు. నాకు గుచ్చుకుంది. బొమ్మ అద్దంలా రావాలని రబ్బరు తాళ్ళు పీకేసి, నైలాన్ తాడుతో నాలుగు మూలలా బిగించాను. బొమ్మ అద్దంలాగే వచ్చింది. మా మామయ్య గారు వేలితో తట్టి చూసి "మద్దెలలా మోగుతోందమ్మా" అన్నారు. నేను మెచ్చుకోలు అనుకున్నాను.

ఇక తెర అమ్మినాయన సంగతి. పేరు రాయను, అడగొద్దు. కొనే ముందు ఆయన అరచేతంత ముక్క కొరియర్‌లో పంపాడు. మూడు పొరలు, మధ్యలో మెత్తటి పొర, చేత్తో నొక్కితే తెలుస్తుంది. అది చూసే 68 వేలు కట్టాను. అసలు తెర వచ్చిన రోజు షెడ్డు పని హడావిడిలో ఉండి, అంచులు కుట్టేసి ఉన్నాయి కదా అని విప్పి చూడలేదు. జూలై 13న దింపి, అంచు కుట్టు విప్పి చూస్తే ఒక్కటే పొర. మధ్యలో, అందరి బంతులూ తగిలే చోట, పోగులు అరిగి అవతలి వెలుగు కనబడుతోంది. ఆయన పంపిన ముక్క ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో ఉంది. ఎవరైనా చూడాలంటే రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

ఫోన్ చేశాను. మొదట "ఓపెన్ ప్లేస్‌లో పెట్టారు కాబట్టి వారంటీ రాదు" అన్నాడు. ఓపెన్ ప్లేస్ అని ఆర్డర్‌లోనే రాశాను, కొలతలతో సహా. తర్వాత "మీ కస్టమర్లు గీతలు పడ్డ బంతులతో కొడుతున్నారు" అన్నాడు. బంతులు ఇచ్చేది నేను, గీత పడితే పారేసేది కూడా నేనే. పొరల మాట ఎత్తేసరికి కాసేపు ఆగి, "ఈ టెన్షన్, బౌన్స్ ఇవన్నీ టెక్నికల్ మేడం, సార్‌తో మాట్లాడించండి" అన్నాడు. మా ఆయనకి గోల్ఫ్ స్టిక్ ఎటు పట్టుకోవాలో తెలియదు! ఈ బేలకు కొలత పట్టిందీ, సెన్సర్ ఎంత ఎత్తులో ఉండాలో చూసిందీ నేను. ఆఖరికి, తర్వాతి ఆర్డర్ మీద పది శాతం తగ్గిస్తానన్నాడు. తర్వాతి ఆర్డర్! వద్దని ఫోన్ పెట్టేశాను. పోట్లాడి సగమైనా రాబట్టాల్సింది అని మా ఆయన ఇప్పటికీ అంటారు. ఆయన లెక్క ఆయనది. ఆ మనిషి పంపే గుడ్డ ముందు మళ్ళీ మిమ్మల్ని నిలబెట్టదలచుకోలేదు.

కొత్త తెర వేరే చోట కొన్నాను. ఈసారి నేనే వెళ్ళి, నా ఎదురుగానే థాను మీంచి కత్తిరించి, పొరలు చూపించి, అప్పుడు అంచు కుట్టమన్నాను. రబ్బరు తాళ్ళతోనే కట్టాను. వెనక ఒకటిన్నర అడుగుల ఖాళీ వదిలి, అక్కడ మా అత్తయ్య గారు కుట్టిన రెండు పాత బొంతలు వేలాడదీశాను. ఆవిడ ఇంకా మొహం మాడ్చుకునే ఉన్నారు. బంతి పెట్టి కొట్టే మ్యాట్ నుంచి తెరకు పది అడుగులు ఉండేది, ఇప్పుడు పన్నెండు. మూడు రోజులు నేనూ మామయ్య గారూ దగ్గరికి కొట్టే వెడ్జ్ నుంచి డ్రైవర్ దాకా అన్ని స్టిక్‌లతో కొట్టి చూశాం. బంతి తెర దగ్గర పడి, మా వైపు రెండు మూడడుగులు దొర్లి ఆగిపోతోంది.

మీ ప్యాకేజీల గడువు ఒక నెల పెంచాను. ఇక రాము అనుకుంటే, వాడని గంటల డబ్బు ఆ రోజే యూపీఐలో వేస్తాను, కారణం అడగను. రేటు పెంచలేదు. పగటి స్లాట్లు మాత్రం తీసేశాను. ఆరుబయట పట్టపగలు ఏ ప్రొజెక్టర్ బొమ్మా సరిగ్గా కనబడదు, ఇన్నాళ్ళూ ఆ స్లాట్లకు డబ్బు తీసుకోవడం నాకే బాగాలేదు. సాయంత్రం ఆరున్నర నుంచి పదిన్నర వరకే. పిల్లలు వెనక బెంచీ మీదే కూర్చోవాలి, పసుపు గీత దాటకూడదు. ఇంటి నుంచి బంతులు తేవద్దు. మార్కర్‌తో గీతలు గీసిన బంతులైతే అసలే వద్దు, ఆ ఇంకు తెరకు అంటుకుంటే పోదు.

ఇంకో మాట. తెర మీద ముడతలు కనబడతాయి. ఎడమ కింది మూల కొంచెం ఎక్కువే. పెబుల్ బీచ్ పద్దెనిమిదో హోల్ దగ్గర సముద్రం అంచు వంకరగా కనబడుతుంది. ఆ వంకర అక్కడే ఉంటుంది, ఎవరు వేళాకోళం చేసినా నేను బిగించను.

ఆగస్టు 4 సోమవారం సాయంత్రం గేటు తీస్తున్నాను. మొదటి స్లాట్ కల్నల్ గారిది, ఆయనే అడిగారు. కాళ్ళకి క్రికెట్ ప్యాడ్లు కట్టుకుని వస్తానన్నారు. నిజంగా అన్నారో, నన్ను ఆటపట్టించడానికి అన్నారో సోమవారం చూడాలి.