డీజిల్ బండిని చల్లగా ఉన్నప్పుడే చూడండి

సంపాదకుడికి,

అయ్యా,

వడ్ల పైసలు చేతికి రాగానే మిర్యాలగూడ, జడ్చర్ల వైపు సెకండ్ హ్యాండ్ కార్ల బేరాలు ఊపందుకుంటాయి. కొనేవారు ముందు అడిగేది "లీటరుకు ఎంతిస్తది?" అని, ఆ తర్వాత "ఎంత తిరిగింది?" అని. పాత డీజిల్ బండి విషయంలో ఈ రెండింటికీ అమ్మేవాడి నోటి జవాబు పనికిరాదు. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది మన తిరుగుడు ఎంతో.

నల్గొండ నుంచి మిర్యాలగూడకు రోజూ పోయివచ్చే ఉద్యోగికి రానుపోను 80 కిలోమీటర్లు. నెలకు 25 రోజులంటే 2,000. డీజిల్ బండి లీటరుకు 20 ఇస్తే 100 లీటర్లు, అదే సైజు పెట్రోల్ బండి 16 ఇస్తే 125 లీటర్లు. డీజిల్ రూ.96, పెట్రోల్ రూ.107 అనుకుని లెక్కేస్తే నెలకు రూ.3,700 పైచిలుకు మిగులుతుంది. అదే బజారుకు, బడికి కలిపి రోజుకు 15 కిలోమీటర్లు తిరిగేవారికి మిగిలేది రూ.700. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ ఒక్కటి పోయిందంటే ఏడాది మిగులు దానికే చాలదు. అలాంటివారికి పెట్రోల్ బండే మేలు. పైగా 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. అది మసిని కాల్చుకోవాలంటే అప్పుడప్పుడైనా హైవే మీద ఒక ఇరవై నిమిషాలు ఆగకుండా పరుగెత్తాలి. గల్లీల్లోనే తిప్పితే మూసుకుపోతుంది.

మార్కెట్లో ఎక్కువగా దొరికే డీజిల్ బండ్లు స్విఫ్ట్, రిట్జ్. రెండింట్లోనూ 1,248 సీసీ ఫియట్ మల్టీజెట్ ఇంజనే. ఇండికా విస్టాకు, పుంటోకూ వచ్చింది ఇదే కాబట్టి దాని సామాను కోదాడలోనైనా గద్వాలలోనైనా దొరుకుతుంది, చేయి తిరిగిన మెకానిక్కులూ ఉన్నారు. ఎటియోస్ లివా, ఐ20 డీజిల్ కూడా తీసుకోదగ్గవే. బీట్ డీజిల్ చవగ్గా వస్తుంది గానీ, షెవర్లే అమ్మకాలు మన దేశంలో 2017తోనే ఆగిపోయాయి. చిన్న బాడీ పార్టుకైనా పాత సామాను దుకాణాలు వెతకాలి.

బండి చూడటానికి పొద్దున్నే వెళ్లండి. "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని ముందే ఫోన్లో చెప్పండి. వెళ్లగానే బానెట్ ఎత్తి ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఆ రోజుకు ఆ బేరం వదిలేసి మర్నాడు రండి. వేడి ఇంజన్ చాలా జబ్బులు దాచేస్తుంది. మల్టీజెట్‌లో వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపేది టైమింగ్ బెల్టు కాదు, చైన్. "చైన్ కదా, దానికేం కాదు" అంటారు. ఆ చైన్‌ను బిగువుగా పట్టే టెన్షనర్ ఇంజన్ ఆయిల్ ప్రెషర్ మీదే పనిచేస్తుంది. ఇందులో పట్టే ఆయిలే మూడు లీటర్లకు అటూఇటూ. 10,000 కిలోమీటర్లకు మార్చాల్సినదాన్ని 20,000 దాకా లాగితే ఆయిల్ జిగురుపడుతుంది, చైన్ సాగుతుంది. చల్లటి ఇంజన్ అందుకున్న మొదటి రెండు మూడు సెకన్లలో ముందువైపు నుంచి రేకు డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టు చప్పుడొస్తే అదే సంగతి. సాగిన చైన్ గేరు పన్ను ఒకటి దాటితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి, ఇంజన్ పైభాగమైన హెడ్డు విప్పాల్సిందే. పాత ఇండికాకు, 1.4 లీటర్ డీజిల్ ఫిగోకూ బెల్టే. బెల్టు మార్చినట్టు బిల్లు చూపించకపోతే మార్చలేదనే లెక్కేసి ధర తగ్గించమనండి.

మన జిల్లాల బండ్లకు అసలు జబ్బు రేడియేటర్‌లో ఉంటుంది. నల్గొండ బోరు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. ఇంజన్‌ను దెబ్బతీసేది మాత్రం ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్లపొరే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ కడుతుంది. కూలెంట్ తగ్గినప్పుడల్లా దారిలో కనబడిన నల్లా నీళ్లు పోసిన బండి చలికాలంలో బాగానే నడుస్తుంది, మే నెలలో 44 డిగ్రీల ఎండకు ఏసీ వేస్తే మరుగుతుంది. ఒకట్రెండుసార్లు అలా మరిగితే హెడ్డు కింద ఉండే హెడ్ గ్యాస్కెట్ పోతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే (వేడి మీద మూత తీస్తే ముఖం కాలుతుంది) కూలెంట్ డబ్బా మూత తీసి చూడండి. ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో తేటగా ఉండాలి. తుప్పు రంగులో ఉన్నా, అంచుకు తెల్లటి గార కట్టినా, పైన నూనె తేలినా అనుమానించాలి. స్టార్ట్ చేసిన నిమిషంలోపే రేడియేటర్ పై హోస్ రాయిలా గట్టిపడితే ఇంజన్‌లో మండిన గ్యాస్ కూలెంట్‌లోకి తోస్తున్నట్టే. మరుగుడు ఆపడానికి, ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను ఆపి ఉంచే థర్మోస్టాట్ వాల్వ్ పీకి పారేసే అలవాటు కూడా ఇక్కడ ఎక్కువ. పది కిలోమీటర్లు నడిపినా టెంపరేచర్ ముల్లు పైకి రాకపోతే ఆ పని జరిగి ఉంటుంది. అలాంటి బండి డీజిల్ కూడా ఎక్కువే తాగుతుంది.

ఆయిల్ మట్టం చూసే డిప్ స్టిక్ మీద ఆయిల్ నల్లగా ఉందని బెదిరిపోవద్దు, డీజిల్ ఇంజన్‌లో మార్చిన కొన్నాళ్లకే నల్లబడుతుంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పి అక్కడే బోర్లా పెట్టండి. కొద్దిగా వణికితే పర్వాలేదు. ఎగిరి పడితే ఇంజన్ బోరుకొచ్చినట్టు, అంటే లోపల సిలిండర్లు అరిగినట్టు. పొగ నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది, టర్బో సీలైనా పిస్టన్ రింగులైనా పోయాయి. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే ఇంజెక్టర్లను, గ్యాస్కెట్‌ను చూపించాలి. నాలుగో గేర్‌లో 50 దగ్గర ఉన్నప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ అయిపోయింది.

మీటర్ తిప్పడం పది నిమిషాల పని. 60,000 చూపిస్తున్న బండికి క్లచ్ పెడల్ రబ్బరు అరిగి నున్నగా ఎందుకుందో అడగండి. ఛాసిస్ నంబరుతో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో రికార్డు తీయిస్తే ఏ తేదీన ఎంత తిరిగిందో బయటపడుతుంది. 2024 సెప్టెంబరులో విజయవాడ, ఖమ్మం మునిగాయి. ఆ వైపు నుంచి వచ్చిన బండయితే సీట్ బెల్టును చివరిదాకా లాగి బురద చార ఉందేమో చూడండి, సీటు కింది పట్టాల తుప్పూ చూడండి.

ఇక కాగితాలు. 15 ఏళ్లకు ఆర్సీ రెన్యువల్ వస్తుంది, ఎన్నేళ్లు మిగిలాయో లెక్కేసుకోండి. ఢిల్లీ బండి చవగ్గా వచ్చిందని సంబరపడేవారు అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం), ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలుపుకొని చూడాలి. ఆర్సీలో ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని చూపే ఫారం 35, బ్యాంకు ఎన్ఓసీ లేకుండా డబ్బులివ్వొద్దు. పేరు మార్పుకు వాడే ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకుని బీరువాలో పెట్టుకుంటే ట్రాన్స్‌ఫర్ అయినట్టు కాదు. ఆర్సీలో పేరున్నవారే ప్రమాద పరిహారానికి బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది, కాబట్టి అమ్మేవారికీ ఇందులో తొందర ఉండాలి. ఇన్సూరెన్స్‌ను 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోండి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు. డబ్బిచ్చిన రోజు డెలివరీ నోటు మీద తేదీతోపాటు టైము కూడా వేయించండి. ఆ పొద్దున నార్కట్‌పల్లి దగ్గర పడ్డ చలానా ఎవరు కట్టాలో అదే తేలుస్తుంది.

ఇట్లు,
ఒక డీజిల్ మెకానిక్,
మిర్యాలగూడ