కొనేవారికి నేల సంగతి కూడా చెప్పాలి: గృహనిర్మాణ శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తమిళనాడు గృహనిర్మాణ, నగరాభివృద్ధి శాఖ మంత్రిగారికి,

నమస్కారాలు. నేను నెల్లూరు జిల్లా నుంచి చదువు కోసం మద్రాసు వచ్చి, ఇక్కడే స్థిరపడి, పునాదులు తవ్వడానికి ముందు చేసే మట్టి పరీక్షల పనిలో 31 సంవత్సరాలు గడిపి విరమించిన ఇంజనీరును. ఈ లేఖ తమిళ ప్రతిని మీ కార్యాలయానికి తపాలాలో పంపాను. తెలుగులో బహిరంగంగా రాయడానికి కారణం ఒకటుంది. వేళచ్చేరి, మేడవాక్కం, పెరుంబాక్కం, పోరూరు వైపు ఫ్లాట్లు కొంటున్నవారిలో నెల్లూరు, చిత్తూరు, తిరుపతి ప్రాంతాల నుంచి వచ్చిన మావాళ్ళు చాలామంది ఉన్నారు. కొనేముందు వారిలో కొందరు నా దగ్గరికి వచ్చి కార్పెట్ ఏరియా, బ్యాంకు అప్పు, మెట్రో స్టేషన్ ఎంత దూరమన్నదీ అడుగుతారు గాని, ఇల్లు నిలబడే నేల గురించి అడిగినవారు ఇంతవరకు ఒక్కరూ లేరు. అడిగినా చూపించడానికి వారి చేతికి అందే కాగితం ఏదీ లేదు. ఆ కాగితం కోసమే ఈ లేఖ.

2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించి ఆ అదురు హైదరాబాదు దాకా తెలిసిన రోజున, వేళచ్చేరిలో ఉంటున్న మా అన్నగారి అబ్బాయి ఫోన్ చేసి, "బాబాయ్, మన చెన్నై కింద పగుళ్ళేమీ లేవటగా, మనకీ బెడద లేనట్టే కదా!" అన్నాడు. ఈ ధీమా వాడొక్కడిదే అయితే ఫోన్‌లోనే సమాధానం చెప్పి ఊరుకునేవాణ్ణి. బిల్డర్ల నోట, చదువుకున్నవారి నోట, సభల్లో కూర్చున్నప్పుడు పెద్ద పదవుల్లో ఉన్నవారి నోట కూడా ఇదే మాట విన్నాను గనుక కొంచెం వివరంగా చెప్పవలసి వస్తోంది.

భూకంపం వల్ల నేల చెడడం రెండు తీరులుగా ఉంటుంది. మొదటిది భ్రంశం పైదాకా చీలడం. భూమి లోపల రాతి పలకలు జారిన గీత ఉపరితలం వరకు వచ్చి, ఆ గీతకు అటూ ఇటూ ఉన్న నేల పక్కకో పైకో జరిగిపోతుంది. 1819 జూన్ 16న కచ్‌లో వచ్చిన భూకంపానికి చదునైన రణ్ మధ్యలో పదుల కిలోమీటర్ల పొడవున గట్టు లేచింది. మనిషి కట్టినది కాదు గనుక స్థానికులు దానికి అల్లా బంద్ అని పేరు పెట్టుకున్నారు. 1999 సెప్టెంబరులో తైవాన్‌లో ఇలాంటి చీలికే ఒక ఆనకట్ట కిందుగా పోయి దాని ఒక కొసను మెట్టులా పైకి ఎత్తేసింది. 2025 మార్చి 28న మయన్మార్‌లో సగైంగ్ భ్రంశం చీలి, గేటుకు అవతల ఉన్న నేల మొత్తంగా పక్కకు జరిగిపోవడం ఒక సీసీ కెమెరాలో రికార్డయింది. ఈ తీరు నష్టానికి భ్రంశం మన ఇంటి కిందుగానే పోవాలి. చెన్నైలో ఆ ప్రమాదం తక్కువన్న మాటతో నాకు పేచీ లేదు. అయినా దక్షిణాదిలో పాత రాయి కింద ఏముందో ముందుగా తెలుస్తుందని ఎవరూ పూచీపడలేరు. 1993 సెప్టెంబరు 30న లాతూరు దగ్గర కిల్లారిలో, అంతవరకు దేశపు భూకంప పటంలో అన్నిటికన్నా నిశ్చింతైన మండలంగా లెక్కించిన చోటే, సుమారు పదివేల మంది చనిపోయారు. ఆ ఊరి పొలాల్లో నేల చీలి చిన్న గట్టులా పైకి లేచింది.

రెండో తీరుకు భ్రంశంతో పనిలేదు. ఎక్కడో వచ్చిన అదురు చాలు. కింద వదులైన ఇసుక, ఆ ఇసుక నిండా నీరు ఉంటే సరిపోతుంది. దీన్ని ఇంజనీర్లు లిక్విఫ్యాక్షన్ అంటారు, తెలుగులో నేల ద్రవీకరణ అనవచ్చు. ఇది అర్థం కావడానికి పుస్తకం అక్కర్లేదు. సాయంత్రం బెసెంట్ నగర్ బీచికి వెళ్ళి, అల వెనక్కి తగ్గిన చోట తడి ఇసుక మీద నిలబడి, ఒకే చోట పాదాన్ని గబగబా తొక్కి చూడండి. నాలుగైదు తొక్కులకు గట్టిగా ఉన్న ఇసుక మెరుస్తూ, జున్నులా వణికి, మడమ లోపలికి దిగబడుతుంది. పిల్లలు దీన్ని ఆటగా ఆడుకుంటారు. ఇసుక రేణువులు దగ్గరకు సర్దుకోబోతే మధ్యనున్న నీరు అడ్డుపడుతుంది. బరువంతా రేణువుల మీద నుంచి నీటి మీదికి మారుతుంది. నీరు దేన్ని మోయగలదు? అదురు ఆగిన తర్వాత ఇసుక మళ్ళీ గట్టిపడుతుంది గాని, ఈలోగా పైనున్న భవనం ఒరిగిపోతుంది, తేలికైన మాన్‌హోళ్ళూ సంపులూ పైకి తేలుతాయి, నది గట్టు నీటివైపు జారిపోతుంది.

1934 జనవరి 15న వచ్చిన భూకంపానికి బీహారులో సుమారు 300 కిలోమీటర్ల పొడవున నేల ఇలాగే మెత్తబడి, ఇళ్ళు కూలకుండానే నిలువునా దిగబడ్డాయి, పొలాల్లో ఇసుక ఊటలు చిమ్మాయి. 1964 భూకంపంలో జపాన్‌లోని నీగతలో నాలుగంతస్తుల అపార్టుమెంట్లు గోడలు పగలకుండా, అద్దాలు చిట్లకుండా, పడుకోబెట్టినట్టు పక్కకు ఒరిగాయి. కాంక్రీటులో లోపం లేదు, కమ్మీలో లోపం లేదు. నేనెరిగిన బిల్డర్లు స్టీలు కంపెనీ పేరు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయిస్తారు, ఇసుక వదులుగా ఉందో బిగువుగా ఉందో మాత్రం రాయించరు.

ఇక మన నగరం సంగతి. దేశపు భూకంప నిర్మాణ ప్రమాణం 2002లో సవరించినప్పుడు చెన్నైని రెండో భూకంప మండలం నుంచి మూడో మండలానికి మార్చారు. అంకె పెరిగితే ముప్పు ఎక్కువని అర్థం. మార్పు సరైనదే. కాని మండలం అంకె నగరానికంతటికీ ఒక్కటే, నేల మాత్రం ఒక్కటి కాదు. పరంగిమలై, గిండీ వైపు చార్నొకైట్ అనే గట్టి రాయి ఉంది. ఆ రాయికి పేరు కలకత్తా స్థాపకుడిగా చెప్పుకునే జాబ్ చార్నొక్ సమాధి ఫలకం నుంచి వచ్చింది, ఆ ఫలకం మన కొండ రాయే. అక్కడి నుంచి కొన్ని కిలోమీటర్లు తూర్పుకు పోతే తిరువాన్మియూరులో గవ్వలు కలిసిన సముద్రపు ఇసుక, రెండు మూడు మీటర్లలోనే నీరు. పళ్ళికరణై చిత్తడి అంచున మెత్తటి బంకమన్ను. బంకమన్ను ఇసుకలా ద్రవించదు గాని అదురును పెంచుతుంది. 1985లో మెక్సికో నగరం భూకంప కేంద్రానికి సుమారు 350 కిలోమీటర్ల దూరంలో ఉండి కూడా, పాత సరస్సు మీద కట్టిన భాగంలోనే ఎక్కువగా కూలింది. 2025లో మయన్మార్ భూకంపానికి వెయ్యి కిలోమీటర్ల అవతల, మెత్తటి బంకమన్ను మీదున్న బ్యాంకాక్‌లో కట్టుబడిలో ఉన్న ఎత్తైన భవనం నేలమట్టమైంది. మనకూ పాత సరస్సులకు కొదవలేదు. టీ.నగర్ కట్టింది 1920లలో ఎండబెట్టిన లాంగ్ ట్యాంక్ మీద. నుంగంబాక్కంలో చెరువు పోయింది, ట్యాంక్ బండ్ రోడ్డు అన్న పేరు మాత్రం మిగిలింది. పూడ్చిన మట్టి ఎలాంటిదో, ఎంత లోతున ఉందో ఏ దస్తావేజులోనూ ఉండదు.

భూకంపం తప్పక వస్తుందని నేను భయపెట్టడం లేదు. 2001 సెప్టెంబరు 25న పుదుచ్చేరి తీరానికి అవతల సముద్రంలో 5.5 స్థాయి భూకంపం వచ్చినప్పుడు ఈ నగరం ఊగింది. 1900లో కోయంబత్తూరులో అంతకన్నా పెద్దదే వచ్చింది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా వైపు భూకంపానికి ఆఫీసులు ఖాళీ చేసి అందరూ రోడ్ల మీదికి వచ్చిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. ఈ స్థాయి అదురులకు రాయి మీది ఇల్లు గిన్నెలు గలగలలాడించి ఊరుకుంటుంది. వదులు ఇసుక మీది ఇంటికీ అదే భరోసా ఇవ్వాలంటే ముందు కొలవాలి.

కొలిచే పద్ధతి చాలా పాతది, చాలా సులువైనది. మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టి, బోరు వేసి, అడుగున గొట్టం ఆనించి, 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదేపదే జారవిడుస్తారు. గొట్టం 45 సెంటీమీటర్లు దిగాలి. మొదటి 15 వదిలేసి, తర్వాతి 30 సెంటీమీటర్లకు పడ్డ దెబ్బలు లెక్కపెడతారు. అదే ఎన్ విలువ. అది తక్కువైతే నేల వదులు, ఎక్కువైతే బిగువు. మూడో మండలంలో సవరించిన ఎన్ విలువ 5 మీటర్ల లోతు వరకు 15, 10 మీటర్లు దాటితే 25 అయినా ఉండాలని ప్రమాణం చెబుతోంది. తిరువాన్మియూరులో ఒక స్థలంలో నాలుగు మీటర్ల లోతున ఏడు దెబ్బలకే గొట్టం సర్రున దిగిపోయింది. పైకి లాగి విప్పితే బూడిదరంగు ఇసుక, చిటికెన వేలి గోరంత గవ్వ ముక్కలు, నీరు కారుతూ. ఆ యజమాని బుద్ధిమంతుడు, పునాది మార్పించుకున్నాడు.

అందరూ అలా ఉండరు. కొనబోయే వారి తరఫున ఒకసారి నేను రెండు నివేదికలు చూశాను. స్థలాల మధ్య దూరం రెండు కిలోమీటర్లకు పైనే. రెండింటిలోనూ ప్రతి లోతులో ఒకే ఎన్ విలువ, ఒకే వరుసలో ఒకే అక్షర దోషం, నీటిమట్టం రెండింటిలోనూ 4.2 మీటర్లు. ఒకటి మే నెలది, ఇంకొకటి డిసెంబరుది! ఈశాన్య రుతుపవనాల తర్వాత ఈ నగరంలో నీరు ఎంత పైకి వస్తుందో సంపు ఉన్న ప్రతి ఇంటివారికీ తెలుసు. 2003 నుంచి ప్రతి ఇంటికీ వాననీటి ఇంకుడు ఏర్పాటు తప్పనిసరి చేయడం రాష్ట్రం చేసిన మంచి పనుల్లో ఒకటి. దానివల్ల పైకి వచ్చే నీటిమట్టాన్ని పునాది లెక్కల్లో కూడా చేర్చుకోవాలి.

భవనం కూలడానికి భూకంపమే రానక్కర్లేదు. 2014 జూన్ 28న మౌలివాక్కంలో 11 అంతస్తుల భవనం కుప్పకూలి 61 మంది చనిపోయారు. వారిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి కూలికి వచ్చినవారు చాలామంది. ఆ రోజు భూకంపం లేదు, వాన మాత్రమే పడింది.

మీ శాఖ చేయదగినది కొత్త చట్టమంత పెద్దదేమీ కాదు. కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ చెన్నైకి భూకంప సూక్ష్మ మండలీకరణ, అంటే నగరాన్ని చిన్న చిన్న భాగాలుగా విడగొట్టి ఏ భాగానికి ముప్పు ఎంతో పటం గీసే పని, ఇప్పటికే పూర్తి చేయించింది. ఆ పటాల్లో ఏ ప్రాంతంలో నేల ద్రవించే అవకాశం ఎంతన్నది సర్వే నంబరు వారీగా విడగొట్టి, భూమి మార్గదర్శక విలువ (రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం కట్టే ధర) చూసుకునే ప్రభుత్వ పోర్టల్‌లోనే, ఆ విలువ పక్కనే, తమిళంలో, ఇంగ్లీషులో చూపించండి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదు కాగితాల్లో మట్టి పరీక్ష నివేదికను పూర్తిగా జతచేయమనండి. బోరు వేసిన చోటు, తేదీ, వానాకాలం తర్వాతి నీటిమట్టం అందులో ఉండాలి. ప్రతి ఏడాది కొన్ని నివేదికలను చీటీ తీసి ఎంచుకుని, ఐఐటీ మద్రాసు చేతనో అన్నా విశ్వవిద్యాలయం చేతనో అదే స్థలంలో మళ్ళీ బోరు వేయించండి. నకలు రాసే అలవాటు సగం అక్కడే పోతుంది. చిత్తడి అంచున పెరుంబాక్కం, సెమ్మంచేరిలో ప్రభుత్వమే కట్టి పేదలను తరలించిన కాలనీలతో ఈ పని మొదలుపెట్టడం న్యాయం, ఎందుకంటే అక్కడి వారికి నేల ఎంచుకునే అవకాశం ఎవరూ ఇవ్వలేదు. అడయార్, కూవం దాటే నీటి పైపులనూ మురుగు పంపింగ్ స్టేషన్లనూ అదే విడతలో చూడాలి, నది గట్లు జారితే ముందు తెగేవి అవే.

ధరలు పడిపోతాయని రియల్ ఎస్టేట్ వారు మీ దగ్గరికి వస్తారు. 1989లో శాన్‌ఫ్రాన్సిస్కోలో, యాదృచ్ఛికంగా మరీనా అనే పేరే ఉన్న పేటలో, 1915 ప్రపంచ ప్రదర్శన కోసం పూడ్చిన మడుగు మీది ఇళ్ళు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో వచ్చిన భూకంపానికి ఒరిగాయి. మరుసటి ఏడే కాలిఫోర్నియా ద్రవీకరణ మండలాల పటాలు గీయాలనీ, అమ్మేవాడు కొనేవాడికి ఆ సంగతి రాతపూర్వకంగా చెప్పి తీరాలనీ చట్టం చేసింది. అక్కడ ఇళ్ళ అమ్మకాలు ఆగిపోలేదు. ఊరి కింద నేల ద్రవిస్తే ఏమవుతుందో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ చూపించింది. 2011 భూకంపం తర్వాత అక్కడి ప్రభుత్వం సుమారు 8,000 ఇళ్ళను తానే కొని ఖాళీ చేయించవలసి వచ్చింది. పైగా వదులు ఇసుక అంటే కట్టకూడదని కాదు. కంపనంతో బిగించవచ్చు, రాతి స్తంభాలు దించవచ్చు, గట్టి పొర దాకా పైల్స్ (లోతుగా దించే పునాది స్తంభాలు) వేయవచ్చు. ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చు ఎవరు భరించాలో కొనేవారికి ముందే తెలిస్తే బేరం సక్రమంగా సాగుతుంది.

చెన్నై నగరం ఎలా పెరగాలో నిర్ణయించే మూడవ బృహత్ ప్రణాళికలో ఈ పటాన్ని వరద పటంతో సమానంగా చేర్చమని కోరుతున్నాను. నా వంతుగా, మా ఇంటి అటక మీద 31 ఏళ్ళ బోరు లాగ్ పుస్తకాలు ఉన్నాయి. సైదాపేట నుంచి షోళింగనల్లూరు దాకా స్థలాలు, తేదీలు, ఎన్ విలువలు, నీటిమట్టాలు అందులో ఉన్నాయి. కొన్నింటికి చెద పట్టింది. యజమానుల పేర్లు కొట్టేసి పెట్టాను. మీ శాఖ నుంచి ఎవరు వచ్చినా, రసీదు కూడా అడగకుండా ఇచ్చేస్తాను. వచ్చేటప్పుడు ఒక ఆటో మాట్లాడుకుని రమ్మనండి, రెండు ట్రంకు పెట్టెల బరువుంటాయి.

ఇట్లు,
విశ్రాంత మట్టి పరీక్షల ఇంజనీరు,
చెన్నై