ఒక క్యారేజీ పులిహోరకు కృతజ్ఞతలు

మా తమ్ముడికి హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలిన మూడో రోజున, విశాఖపట్నంలో హెచ్‌ఐవీకి మందులిచ్చే ఒక ఏఆర్‌టీ కేంద్రం వరండాలో తల వంచుకుని కూర్చున్న మా దగ్గరికి వచ్చి, తన క్యారేజీ విప్పి, అందులోని పులిహోరను వాడితో కలిసి అదే గిన్నెలో తిన్న నర్సమ్మగారికి ఈ కృతజ్ఞతలు. ఇంట్లో అప్పటికే వాడి కంచం వేరు చేశాం. ఆ పని చేసినది నేనే. తినడం ముగిశాకే ఆమె మందుల సంగతి ఎత్తారు. 2004 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న ఈ చికిత్సలో ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్క మాత్ర చాలునని, మానకుండా వేసుకుంటే వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గుతుందని, అలా నిలిచినంత కాలం లైంగికంగా ఇతరులకు సోకదని చెప్పారు. తన పేరు రాయవద్దన్నారు కనుక రాయడం లేదు. ఈ నెల మాత్రలకు తమ్ముడు ఒక్కడే సిటీ బస్సులో వెళ్లి వచ్చాడు.