శనివారం బడిలో తిండి సంత: తల్లిదండ్రులకు లేఖ

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

సంక్రాంతికి మన జహీరాబాద్ చుట్టుపక్కల జొన్న, సజ్జ, కొర్రలాంటి పాత పంటల జాతర మొదలవుతుందని మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల ఆడవాళ్లు ఎడ్లబండ్లు ముస్తాబు చేసి, విత్తనాల బుట్టలు పెట్టుకొని ఊరూరా తిరుగుతారు. మీలో కొందరు ఆ బండ్ల వెంట నడిచినవాళ్లే. ఈసారి పిల్లల్ని జాతర చూసి రమ్మనడంతో ఆపకుండా, సెలవుల తర్వాత వచ్చే మొదటి శనివారం బడి ఆవరణలోనే తిండి సంత పెడుతున్నాం.

దీనికి కారణం ఉంది. మధ్యాహ్నం జొన్నరొట్టె తెచ్చుకున్న పిల్లలు డబ్బా మూత సగమే తెరిచి తింటున్నారు. పక్కనే పది రూపాయల చిప్స్ పొట్లం చించేవాడికి మాత్రం ఏ మొహమాటమూ లేదు! హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కల్లో 100 గ్రాముల తైదల్లో (రాగుల్లో) 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది, పాలిష్ పట్టిన బియ్యంలో 10 కూడా ఉండదు. ఎదిగే పిల్లల ఎముకలకు కావలసినది ఇంట్లో అంబలి కుండలోనే ఉంది.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. పట్నం దుకాణాల్లో కొర్రల పొట్లం ధర సన్నబియ్యాన్ని మించిపోయింది. కొనుక్కొని తినండని కూలికి వెళ్లే ఇంటికి చెప్పడం న్యాయం కాదు. అందుకే సంతలో దుకాణం సరుకు వద్దు, మిల్లెట్ బిస్కెట్లు అసలే వద్దు. చేలో పండింది, గట్టు మీద మొలిచింది చాలు. జొన్న గట్క, సజ్జ రొట్టె, కొర్రన్నం, తైద అంబలి, అనుముల గుగ్గిళ్లు, కుసుమల పొడి, మీకు ఏది అలవాటైతే అది. భూమి లేనివాళ్లు వెనుకాడొద్దు. ఈ కాలంలో శనగాకు, దానంతటదే మొలిచే పప్పుకూర దొరుకుతాయి కదా. మందు కొట్టిన చేలో మాత్రం కోయకండి.

ఏ పదార్థమైనా 10 రూపాయలకు మించి అమ్మకూడదు. ఖర్చెంతైందో, ధర ఎంత పెట్టాలో ఎనిమిదో తరగతి పిల్లలు లెక్క కడతారు. వాళ్ల లెక్కల సారుకు ఇదే పరీక్ష అట, మార్కులు కూడా వేస్తారట. మోదుగాకు విస్తర్లు మేం తెప్పిస్తాం. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు తేవద్దు. ఆరోజూ మధ్యాహ్న భోజనం మామూలుగానే ఉంటుంది కాబట్టి డబ్బులు లేని పిల్లలు ఆకలితో ఉంటారన్న బెంగ అక్కర్లేదు.

నాయనమ్మలూ అమ్మమ్మలూ వస్తే ఇంకా సంతోషం. బూడిదా వేపాకూ కలిపి విత్తనం ఎలా దాచేవారో, జొన్నలో కంది ఎన్ని సాళ్లకు వేసేవారో పిల్లలకు చెప్పాలి. మాకు పాఠ్యపుస్తకంలో అది దొరకదు. వాళ్లకు వరండాలో కుర్చీలు వేయిస్తాం.

ఏం వండి తెస్తారో గురువారం లోపు క్లాస్ టీచర్‌కు చెప్పి పంపండి. పల్లీలు, నువ్వులు పడని పిల్లలుంటే అదీ రాయండి. సంత పొద్దున పదికి మొదలు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు