తనిఖీని వద్దన్నది నేనే

ఈ నెల రెండో వారంలో మా ఆసుపత్రికి జరగవలసిన ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించి సర్టిఫికెట్ ఇచ్చే జాతీయ సంస్థ) తనిఖీ వాయిదా పడింది. తనిఖీలో ఫెయిలయ్యామన్న మాట నల్లగొండ గడియారం సెంటర్ దాటి దేవరకొండ దాకా పాకిందని నా చెవిన పడింది. ఫెయిల్ కావడానికి ముందు తనిఖీ జరగాలి కదా. అది జరగలేదు, ఇప్పుడు వద్దని ఉత్తరం రాసింది నేనే. పద్దెనిమిదేళ్లుగా మునుగోడు, చండూరు, నాంపల్లి నుంచి బస్సెక్కి వస్తున్న మీకు ఆ సంగతి మందుల షాపు దగ్గర కాక నా నోటి నుంచే తెలియాలని ఇది రాస్తున్నాను.

50 పడకల లోపు ఆసుపత్రులకు ఆ సంస్థ ప్రమాణాలు వేరుగా ఉన్నాయి. మాది 30 పడకలు. చెత్తకు పసుపు, ఎరుపు, తెలుపు, నీలం డబ్బాలు రావడం, ఒకేలా వినిపించే పేర్లున్న మందులు వేర్వేరు అరలకు మారడం మీరు చూస్తూనే ఉన్నారు కనుక ఆ వివరాలలోకి వెళ్లను. చెప్పవలసింది ఆటోక్లేవ్ సంగతి.

ఆపరేషన్ సామగ్రిని 121 డిగ్రీల ఆవిరిలో ఉంచి క్రిములు లేకుండా చేసే యంత్రం అది. మూటకు అతికించిన టేపు మీద చారలు నల్లబడితే పని అయిపోయిందనుకుంటారు గానీ, ఆ టేపు మూటకు వేడి తగిలిందని మాత్రమే చెబుతుంది. అందుకే వారానికొకసారి, వేడిని బాగా తట్టుకునే బ్యాక్టీరియా బీజాలున్న చిన్న సీసాను మూటల మధ్య పెట్టి, తీశాక ఇంక్యుబేటర్‌లో ఉంచుతాం. బీజాలు చనిపోతే లోపలి ద్రవం ఊదారంగులోనే ఉంటుంది. గత నెల 3వ తేదీన మా సిస్టర్ ఆ సీసాను కిటికీ వెలుతురుకు పట్టి నాకు చూపించింది. పసుపు నీళ్లలా ఉంది. అదే మూట మీది టేపు మాత్రం కాటుకలా నల్లబడి ఉంది.

ఆ గంటలోనే థియేటర్ మూసివేశాం. అంతకు ముందు వారం పరీక్ష సరిగానే వచ్చింది. ఆ రెండు పరీక్షల మధ్య నలుగురికి ఆపరేషన్లు జరిగాయి. ఆ నలుగురినీ పిలిపించి, ఉన్నదున్నట్టు చెప్పి, నెల పూర్తయ్యే వరకు గాయాలు చూస్తూ వచ్చాను. ఎవరికీ చీము గానీ జ్వరం గానీ రాలేదు. ఆ నలుగురికి చేసిన పరీక్షల ఖర్చంతా మేమే భరించాం.

ఏడాది నిర్వహణ ఒప్పందం సొమ్ము ముందే కట్టించుకున్న హైదరాబాద్ డీలర్, రెండు రోజుల్లో ఇంజినీరును పంపుతానని చెప్పి 19వ రోజున పంపాడు. వచ్చిన మనిషి తెచ్చిన తలుపు రబ్బరు మా యంత్రానికి రెండు వేళ్లు పొట్టి. పైగా, మీ నల్లగొండ నీళ్లతో ఏ యంత్రమైనా ఇంతేనన్నాడు. హీటరు మీద సున్నం పెంకులా పేరుకున్న మాట నిజమే. (మన నీళ్లనగానే అందరూ ఫ్లోరైడ్ అంటారు గానీ, యంత్రాన్ని తినేది ఫ్లోరైడ్ కాదు, సున్నం.) కానీ కొనేముందే మా బోరు నీటి నమూనా పంపితే, నీటిలో సున్నం తగ్గించే సాఫ్ట్‌నర్ అక్కరలేదని రాసిచ్చింది ఆ డీలరే; ఆ కాగితం నా బల్ల సొరుగులో భద్రంగా ఉంది. అయినా ఆవిరి కారుతున్నది రబ్బరు నుంచి. పొట్టి రబ్బరుకు నల్లగొండ నీళ్లు ఏం చేస్తాయి?

తనిఖీకి సిద్ధం చేయడానికి మేము పెట్టుకున్న కన్సల్టెంట్ ఒక దారి చూపించారు. ఆ వారం పేజీ తీసేసి, కొత్త రిజిస్టరులో మూడు నెలల పరీక్షలన్నీ రెండు మూడు రకాల పెన్నులతో ఒక్క రాత్రిలో రాయించేద్దామన్నారు. బీమా కంపెనీలు ఈ సర్టిఫికెట్ అడుగుతున్నాయి, బ్యాంకు వాయిదాలు నెత్తిమీద ఉన్నాయి. దాచను, మొదటి రాత్రి దాదాపు ఒప్పుకున్నాను. మర్నాడు రిజిస్టరు తెరిస్తే, ‘పసుపు’ అని రాసి, కింద గీత గీసి, సిస్టర్ పొడుగ్గా సంతకం చేసి ఉంది. ఆ పేజీ చింపమని ఆమెకు చెప్పవలసింది నేనే. నోరు రాలేదు. ఆ సాయంత్రమే వాయిదా ఉత్తరం పంపాను.

సరైన రబ్బరు వేరేచోట నుంచి తెప్పించాను. సాఫ్ట్‌నర్ కూడా పెట్టించాను. అంతమాత్రాన డీలర్ మాట ఒప్పుకున్నట్టు కాదు. వరుసగా మూడు సీసాలు ఊదారంగులో ఉంటేనే థియేటర్ తెరుస్తాను, ఇప్పటికి రెండు అలా వచ్చాయి. ఓపీ, ల్యాబ్ ఎప్పటిలాగే నడుస్తున్నాయి. కట్లు మార్చడానికి ఫ్యాక్టరీ సీలుతో వచ్చిన సామగ్రినే వాడుతున్నాం. తనిఖీకి కొత్త తేదీ థియేటర్ తెరిచాకే అడుగుతాను.

ఆపరేషన్ కోసం అడ్వాన్సు కట్టి, ఆగలేక వేరే ఆసుపత్రికి వెళ్లినవారు కౌంటరులో ఆ సొమ్ము తీసుకోవచ్చు. రసీదు పోయినా పర్వాలేదు, మా పుస్తకంలో మీ పేరు ఉంటుంది.