పొగలోనూ పైలట్‌కు మీటర్లు కనపడాలి

సంపాదకుల వారికి,

2022 అక్టోబరు 12 రాత్రి గోవా నుంచి హైదరాబాద్ వస్తున్న విమానంలో క్యాబిన్‌తో పాటు కాక్‌పిట్‌లోనూ పొగ కమ్ముకుంది. అదృష్టం బాగుండి శంషాబాద్‌లో క్షేమంగా దిగింది. ఇంజిన్ ఆయిల్ ఏసీ వ్యవస్థలోకి చేరడమే కారణమని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ తేల్చి, ఆయిల్ నమూనాలను 15 రోజులకోసారి పరీక్షించాలని ఆదేశించింది. మంచి నిర్ణయమే. అయితే అది పొగ రాకుండా చూసుకునే జాగ్రత్త. వచ్చాక పైలట్‌కు ఏం కనపడుతుందన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది.

విమానాల మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. పొగ వాసన తగలగానే పైలట్లు ముందు ఆక్సిజన్ మాస్క్ అందుకుంటారు. సీటు పక్కనున్న పెట్టెలోంచి మాస్క్‌ను దాని ఎర్ర పిడులు నొక్కి లాగితే పట్టీలు ఉబ్బుతాయి. తలకు తొడిగి వదిలేస్తే బిగుసుకుంటాయి. ఒక్క చేత్తో, అయిదు సెకన్లలో అయిపోవాలి. ఊపిరి ఆడుతుంది, కళ్లు మండవు. కానీ మాస్క్ అద్దానికీ మీటర్లకూ మధ్య ఉన్న పొగ ఎక్కడికి పోతుంది?

2010 సెప్టెంబరు 3న దుబాయ్‌లో అమెరికా కొరియర్ సంస్థ యూపీఎస్ కార్గో విమానానికి జరిగింది ఇదే. లిథియం బ్యాటరీలున్న సరుకు అంటుకుంది. కొద్ది నిమిషాల్లోనే కాక్‌పిట్ పొగతో నిండింది. కెప్టెన్‌కు ఆక్సిజన్ ఆగిపోయి సీటు వదిలి వెళ్లాడు. ఒంటరిగా మిగిలిన కో-పైలట్‌కు మీటర్లు కనపడలేదు, రేడియో ఫ్రీక్వెన్సీ మార్చుకోవడానికీ వీల్లేకపోయింది. దగ్గర్లో ఎగురుతున్న వేరే విమానాల వాళ్లు వేగం, ఎత్తు చెబుతుంటే విని నడిపాడు. ఇద్దరూ చనిపోయారు. ఆ ప్రమాదంపై దర్యాప్తు నివేదిక చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

పొగను బయటికి పంపే పద్ధతి ఉందిగా అనవచ్చు. మంట ఆరితే అది పనిచేస్తుంది. మండుతూనే ఉంటే పోయిన పొగ స్థానంలో కొత్తది వస్తుంది. దీనికి ఈవాస్ అనే పరికరం ఉంది. పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి అది. బ్యాటరీతో నడిచే చిన్న ఫ్యాన్ పొగను వడకట్టి, శుభ్రమైన గాలితో సంచిని నింపుతుంది. పైలట్ మాస్క్‌ను దానికి ఆనించి, దానిలోంచి మీటర్లనూ ముందు అద్దాన్నీ చూడగలడు. అమెరికాలో కొన్ని సంస్థలు సొంతంగా పెట్టుకున్నాయి. చట్టం అక్కడా బలవంతం చేయడం లేదు. అందుకని మనమూ ఆగాలా? ఇప్పుడు లిథియం బ్యాటరీ లేని ప్రయాణికుడే లేడు.

పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారు శ్రీకాకుళం బిడ్డ. కొత్తగా రిజిస్టరయ్యే ప్రతి ప్రయాణికుల విమానంలో ఇలాంటి పరికరాన్ని తప్పనిసరి చేసి, పాతవాటికి గడువు పెట్టేలా డీజీసీఏను ఆదేశించాలని ఆయన్ను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత టెక్నీషియన్, బేగంపేట, హైదరాబాద్